పొగడ్తతో పోర్ట్‌ఫోలియో బిల్లు

2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీదారులు పాత నల్లగొండ జిల్లా పోచంపల్లి మగ్గాల దగ్గర, పాలమూరు పిల్లలమర్రి నీడన ఫొటోలు దిగి వెళ్లారు. ఆ తళుకు చూసి మన పిల్లలు మోడలింగ్ కలలు కంటే తప్పు పట్టాల్సిన పనిలేదు. చిక్కల్లా వాళ్లకు దొరికే జవాబులోనే ఉంది. ఇన్‌స్టాలో ఫొటో పెట్టి 'మోడల్‌గా పనికొస్తానా?' అని అడిగితే కొందరు 'సూపర్ అక్కా' అంటారు, కొందరు రంగు మీద వెకిలి మాటలు విసురుతారు. రెండూ అభిప్రాయాలు కావు. ర్యాంపు మీద నడవడానికి ఎత్తు చూస్తారు. డిజైనర్ బట్టలు ముందే ఒక కొలతకు కుట్టి ఉంటాయి గనుక ఆ నిబంధన అంత తేలిగ్గా సడలదు. ఈ ముక్క మనం చెప్పకపోతే, 'నీలో స్టార్ ఉంది, పోర్ట్‌ఫోలియోకు డబ్బు కట్టు' అనే ఏజెంటు మాటే నిజమనిపిస్తుంది. పని ఇప్పించే సంస్థ వచ్చిన సంపాదనలో కమీషన్ తీసుకుంటుంది. రిజిస్ట్రేషన్ ఫీజు మీద బతికేవాడికి మీకు పని దొరకాల్సిన అవసరమే లేదు.

ఊరి పిల్లల ఆశ మీద నీళ్లు చల్లడానికి మనమెవరం అనొచ్చు. న్యాయమైన ప్రశ్నే, తెల్లతోలు పిచ్చిని నిజం పేరుతో మనం మోయకూడదు కూడా. అందుకే మాట మనిషి గురించి కాక పని గురించి ఉండాలి. నారాయణపేట, గద్వాల చీరలు ఆన్‌లైన్‌లో అమ్మాలంటే ఫొటోలు కావాలి. అక్కడ ఎత్తుకన్నా కుచ్చిళ్లు కుదురుగా పెట్టుకోవడం, జరీ అంచు కనబడేలా నిలబడటం, గంటల తరబడి ఓపిక పట్టడం ముఖ్యం. ఫిల్టర్ సెల్ఫీలో ఇవేవీ తెలియవు. ఈసారి ఎవరైనా అడిగితే పగటి వెలుతురులో నిలువెత్తు ఫొటో పెట్టమనండి, ఎత్తెంతో అడగండి, ముందుగా ఎవరికీ డబ్బు కట్టొద్దని చెప్పండి.