ఎత్తకపోయినా ఇంట్లోనే ఉన్నాను

తెనాలిలో మా నానమ్మ ఇంట్లో ఇంకా ల్యాండ్‌లైన్ ఉంది. ఈ మాట హాస్టల్లో చెప్తే మావాళ్ళు నన్ను మ్యూజియంలోంచి పారిపోయి వచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు. పోయిన ఏడాది నుంచి ఆ ఫోన్‌కి ఆన్సరింగ్ మెషీన్ కూడా ఉంది, అదీ క్యాసెట్‌ది. పెట్టింది నేనే. వాయిస్‌మెయిల్ వద్దని ఇంట్లో అందరితో పోట్లాడి మరీ పెట్టాను.

వేసవిలో ఒక మధ్యాహ్నం ఆ ఫోన్ మోగింది. "రెండు గంటల్లో మీ ఫోన్ కట్ అవుతుంది, వివరాలకు 9 నొక్కండి" అని రికార్డింగ్. నానమ్మ నొక్కింది. లైన్లోకి ఒకడొచ్చి వచ్చీరాని తెలుగులో పోలీసునన్నాడు. మీ పేరు మీద కేసుంది, ఫోన్ పెట్టేస్తే అరెస్టే అన్నాడు. నలభై నిమిషాలు రిసీవర్ చెవి దగ్గర్నుంచి తియ్యలేదు ఆవిడ. బ్యాంకు పాస్‌బుక్ తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాక, పక్కింటి పిన్నిగారు తోడుకి మజ్జిగ చుక్క కోసం వచ్చి, సంగతి చూసి, రిసీవర్ లాక్కుని పెట్టేసింది. డబ్బు పోలేదు.

పోయింది వేరే. ఆ రోజు నుంచి ఫోన్ మోగితే నానమ్మ ఎత్తడం మానేసింది. మోగినంతసేపూ గోడకేసి చూస్తూ కూర్చునేది. అత్తయ్య చేసినా అంతే, నేను చేసినా అంతే. మొబైల్ ఒకటి ఉంది గానీ, అది అలమరలో చార్జింగ్ లేకుండా పడుంటుంది.

నాన్న కనెక్షన్ తీయించేద్దామన్నాడు. నానమ్మ ఒప్పుకోలేదు. "మీ నాన్న పెట్టించిన నంబరు. ఊళ్ళో అందరి దగ్గరా అదే ఉంది. వాడెవడో బెదిరించాడని నేనెందుకు తీయించుకోవాలి?"

బాబాయి వాయిస్‌మెయిల్ పెట్టిద్దామన్నాడు. వాయిస్‌మెయిల్ అంటే, మనం ఎత్తని కాల్ కంపెనీవాళ్ళ సర్వరుకి మళ్ళుతుంది, మాటలు అక్కడ దాస్తారు. తర్వాత మనం ఒక నంబరుకి చేసి, పాస్‌వర్డ్ నొక్కి వినాలి. సుగుణాలు లేవని కాదు. లైన్ ఎంగేజ్‌లో ఉన్నా, ఇంట్లో కరెంటు లేకపోయినా మెసేజ్ పోదు. కానీ నంబర్లు నొక్కమన్న రికార్డింగ్ మాట విని ఒకసారి మునిగిపోబోయిన మనిషికి, మళ్ళీ నంబర్లు నొక్కమనే రికార్డింగే పరిష్కారమా?

అసలు తేడా అది కూడా కాదు. వాయిస్‌మెయిల్‌లో అవతలి మనిషి మాట్లాడుతున్నప్పుడు మనకి వినపడదు. మెషీన్ మన బల్ల మీదే ఉంటుంది, దానికో స్పీకరుంటుంది. ఎవరు, ఏ గొంతుతో, ఏం చెప్తున్నారో గదిలో వినపడుతూనే ఉంటుంది. మనవాళ్ళైతే మధ్యలో రిసీవర్ ఎత్తొచ్చు. కాదంటే పప్పు తాలింపు చూసుకోవచ్చు. ఆన్సరింగ్ మెషీన్ ఇంట్లో లేనివాళ్ళ కోసం అనుకుంటాం గానీ, నా దృష్టిలో అది ఇంట్లో ఉన్నవాళ్ళకే ఎక్కువ అవసరం.

గూగుల్ 2018లో పిక్సెల్ 3తో పాటు కాల్ స్క్రీన్ అని తెచ్చింది. ఆపిల్ 2023లో ఐఓఎస్ 17లో లైవ్ వాయిస్‌మెయిల్ అని తెచ్చింది. అవతలివాళ్ళ మాటలు తెర మీద అక్షరాలుగా కనపడుతుంటే చూసి, కావాలంటే ఎత్తొచ్చు. మనవాళ్ళు రీల్స్‌లో చూసి ఆహా అన్నారు. ఆ పని క్యాసెట్ డబ్బా ఎప్పటినుంచో చేస్తోంది కదరా అంటే ఒక్కడూ వినడు.

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో సెకండ్ హ్యాండ్‌ది దొరికింది, అమెరికా సరుకు. అడాప్టరు 120 వోల్టులది. మన 230లో పెడితే అంతే సంగతులు. పొలారిటీ చూసి వేరే 9 వోల్టులది కొన్నాను. (ఈసీఈ మిత్రులు నవ్వకండి, మొదటిసారి తిరగేసే పెట్టాను.) నన్ను తిప్పలు పెట్టింది మాత్రం రింగు. అమెరికాలో రింగు 2 సెకన్లు మోగి 4 సెకన్లు ఆగుతుంది. మనది ట్రింగ్ ట్రింగ్ అని జంటగా మోగి, మొత్తం 3 సెకన్లకే మళ్ళీ మొదలవుతుంది. నాలుగు రింగులకి ఎత్తమంటే అక్కడ 24 సెకన్లు, ఇక్కడ 12. నానమ్మ మోకాళ్ళకి వంటింట్లోంచి హాల్లోకి రావడానికి అది చాలదు. 2019లో ట్రాయ్ ల్యాండ్‌లైన్ 60 సెకన్లు మోగాలని చెప్పింది, నానమ్మ లాంటివాళ్ళకి ఆ లెక్కే సరైంది. మెషీన్ తొందరపడినా నష్టం లేదులెండి, స్పీకరు వాల్యూమ్ పెంచితే గొంతు వంటింట్లోకి వస్తుంది.

కరెంటు సంగతి నిజమైన లోపమే. రాగి తీగల కాలంలో ఎక్స్ఛేంజీ నుంచే 48 వోల్టులు వచ్చేవి, ఊరంతా చీకటైనా ఫోన్ పనిచేసేది. ఇప్పుడు ఫైబర్ వచ్చాక కరెంటు పోతే మోడెమ్, ఫోన్, మెషీన్ మూడూ మూగపోతాయి. మోడెమ్‌కి చిన్న యూపీఎస్ పెట్టాం. మెషీన్‌కి ఇంకా పెట్టలేదు.

గ్రీటింగ్ దగ్గర పెద్ద గొడవ. ఒంటరి ఆడమనిషని తెలియకూడదు, మగగొంతు ఉండాలని నాన్న. "నా ఇంట్లో నా ఫోన్‌లో నీ గొంతెందుకురా?" అని నానమ్మే రికార్డు చేసింది. "ఎవరో చెప్పండి. ఇంట్లోనే ఉన్నాను, వింటున్నాను. ఎత్తాలో వద్దో చూస్తాను."

దసరాకి వెళ్ళినప్పుడు క్యాసెట్ వెనక్కి తిప్పి విన్నాను. సగానికి సగం ఉత్త నిశ్శబ్దాలు, తర్వాత టక్కున పెట్టేసిన చప్పుడు. ఒకడు మాత్రం ఆ గ్రీటింగ్ విని "అమ్మో" అనడం స్పష్టంగా రికార్డయింది.

పోయిన వారం నేనే చేశాను. బీప్ తర్వాత, "నానమ్మా, నేను, మెస్ బిల్లు కట్టాలి" అని రెండు నిమిషాలు గోడు వెళ్ళబోసుకున్నాను. ఎత్తలేదు. రాత్రి తనే చేసింది.

"విన్నాన్రా. డబ్బుల సంగతే కదా, సీరియల్ అయ్యాక చేద్దామనుకున్నా."