బలం డబ్బాలో దొరకదు



అమీర్‌పేట మైత్రీవనం కూడలి చుట్టుపక్కల వీధుల్లో నడిచేవారికి కంప్యూటర్ కోర్సుల బోర్డులు, హాస్టళ్ల బోర్డులు, జిమ్‌ల బోర్డులు పక్కపక్కనే కనిపిస్తాయి. జిల్లాల నుంచి చదువు కోసం వచ్చిన మన పిల్లలు ఈ మూడింటి నడుమనే ఒకటి రెండేళ్లు గడుపుతారు. ఇరవై ఏళ్ల వయసు, సన్నని చేతులు, అద్దంలో చూసుకున్నప్పుడల్లా ఒక అసంతృప్తి. జిమ్‌లో చేరిన వారం రోజులకే "పొడి వాడకపోతే కండ రాదు" అని ఎవరో ఒకరు చెబుతారు. ఆ మాట ఫోనులో ఊరికి చేరుతుంది. తరువాత ఆ తల్లి మమ్మల్ని అడుగుతుంది: "మౌలానా, మావాడు ఎంత తిన్నా ఒళ్లు చేయడం లేదు. మూడు వేలు పెట్టి ఏదో డబ్బా కొంటానంటున్నాడు. కొననివ్వమంటారా?"

ఈ ప్రశ్న ఇటీవల మా వద్దకు తరచుగా వస్తున్నది. వైద్యం మా వృత్తి కాదు. అయినా నిపుణులు నిర్ధారించి చెప్పిన విషయాలను తెలుసుకొని, వాటిని మన కుటుంబాలకు అర్థమయ్యేలా చెప్పడం ఉపాధ్యాయులుగా మా బాధ్యత అని భావిస్తున్నాము.

మొదట ఒక మాట స్పష్టం చేయాలి. బలంగా ఉండాలన్న కోరిక నిందించవలసినది కాదు. శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. శరీరానికి కూడా మనపై హక్కు ఉన్నదని దైవప్రవక్త (స) బోధించారు. మన నగరానికి ఈ కోరిక కొత్తదీ కాదు. కుస్తీ, కసరత్తు నేర్పే స్థలాన్ని పాతబస్తీలో తాలీంఖానా అని పిలుస్తారు. తాలీమ్ అంటే విద్య గరపడం. మదరసాలో మేము చేసే పనికీ, అక్కడి ఉస్తాదు తన శిష్యుని చేత దండీలు, బస్కీలు తీయించే పనికీ పేరు ఒక్కటే. రెండు చోట్లా కావలసినవి క్రమం, ఓర్పు, కాలం. సన్నని యువకుని దేహం కూడా ఈ మూడింటితోనే దృఢపడుతుంది.

ముందుగా ఆరోగ్య పరీక్ష

సన్నగా ఉండడం వేరు, చిక్కిపోవడం వేరు. చిన్ననాటి నుంచి సన్నగా ఉండి, చురుకుగా తిరుగుతూ, ఆకలి సరిగా ఉన్నవాడు రోగి కాడు. తండ్రి, తాతలు కూడా అదే శరీర తీరు గలవారైతే అది వంశపారంపర్యంగా వచ్చినదే కావచ్చు.

దీనికి ఒక కొలత ఉన్నది. కిలోలలో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. వచ్చిన సంఖ్య 18.5 కన్నా తక్కువైతే బరువు చాలదని అర్థం; 18.5 నుంచి 23 లోపు ఉంటే మన దేశస్థులకు తగిన బరువు. 170 సెంటీమీటర్ల ఎత్తు గల యువకునికి ఇది సుమారు 53 నుంచి 66 కిలోల వరకు అవుతుంది.

అయితే మునుపు బాగా ఉన్నవాడు కారణం లేకుండా తగ్గిపోతున్నా, రెండు వారాలకు మించి దగ్గు ఉన్నా, సాయంత్రం వేళల్లో జ్వరం, రాత్రి చెమటలు ఉన్నా జిమ్‌కు కాదు, వైద్యుని వద్దకు వెళ్లాలి. క్షయ, మధుమేహం, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం వంటివి మనిషిని ఇలాగే చిక్కిస్తాయి. పంజగుట్టలోనే నిమ్స్ ఉన్నది. ఛాతీ వ్యాధులకు ఎర్రగడ్డ ప్రభుత్వ ఆసుపత్రి అమీర్‌పేట నుంచి మెట్రోలో మూడవ స్టేషను. క్షయకు ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షలు, మందులు ఉచితం. కిరుగదిలో ఆరుగురు కలిసి ఉండే హాస్టళ్లలో ఈ విషయంపై అశ్రద్ధ తగదు.

పళ్లెంలో ఏమున్నది?

కండ పెరగడానికి రెండు కావాలి. ఖర్చయ్యే శక్తి కన్నా కొంచెం ఎక్కువ ఆహారం. ఆ ఆహారంలో తగినంత మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు. "ఎంత తిన్నా" అనే పిల్లలను ఒక రోజంతా తిన్నది కాగితంపై రాయమంటే అసలు విషయం బయటపడుతుంది. ఉదయం తరగతికి ఆలస్యమై చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. మధ్యాహ్నం గుట్టెడు అన్నం, పలచని సాంబారు. సాయంత్రం మిర్చి బజ్జీ. రాత్రి మళ్లీ అన్నం. ఆదివారం మాత్రం బిర్యానీ. కడుపు నిండింది, కానీ కండకు కావలసినది అందలేదు.

ఎంత కావాలన్నది తెలుసుకోవడానికి మనం దూరం పోనవసరం లేదు. అమీర్‌పేటలో నాగోలు వైపు మెట్రో ఎక్కి తార్నాకలో దిగితే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ ఇది. దేశ ప్రజలు ఏమి తినాలో సూచించేది ఈ సంస్థే. ఆరోగ్యవంతునికి రోజుకు శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలునని అది నిర్ణయించింది. 2024 మే నెలలో వెలువరించిన మార్గదర్శకాలలో, బరువులెత్తే వ్యాయామం చేసేవారికి కూడా కిలోకు సుమారు 1.6 గ్రాములు దాటితే అదనపు ప్రయోజనం ఉండదని తెలిపింది. అంటే 55 కిలోల యువకునికి సాధారణంగా 46 గ్రాములు, వ్యాయామం చేస్తుంటే ఎక్కువలో ఎక్కువ 88 గ్రాములు.

ఇప్పుడు హాస్టల్‌లో సాధ్యమయ్యే ఒక రోజు భోజనాన్ని లెక్క వేద్దాము. ఫజర్ నమాజు తరువాత పావు లీటరు పాలు, రెండు అరటిపళ్లు: 10 గ్రాములు. ఉదయం ఇడ్లీలు, సాంబారుతో పాటు ఉడికించిన రెండు గుడ్లు: 20 గ్రాములు. మధ్యాహ్నం అన్నం, గట్టి పప్పు, ఒక కప్పు పెరుగు: 22 గ్రాములు. సాయంత్రం బజ్జీలకు బదులు గుప్పెడు పల్లీలు, 50 గ్రాముల వేయించిన శనగలు: 17 గ్రాములు. రాత్రి మూడు రొట్టెలు, వాటితో 100 గ్రాముల కోడి మాంసం లేదా 35 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌తో చేసిన కూర: 27 గ్రాములు. మొత్తం సుమారు 96 గ్రాములు. డబ్బా మూత తీయకుండానే అవసరం తీరిపోయింది.

ఒక్కసారిగా తినలేనివారు మూడు పూటలను ఐదు పూటలుగా విడదీసుకోవాలి. పాలు, పల్లీలు, అరటిపళ్లు, ఖర్జూరాలు కడుపును బరువెక్కించకుండా శక్తినిస్తాయి. ఉపవాసం విరమించే ఖర్జూరం మన ఇళ్లలో ఏడాది పొడవునా ఉండవచ్చు. బరువు వారానికి పావు కిలో చొప్పున పెరిగితే అది మంచి ప్రగతి. అంతకన్నా వేగంగా పెరిగేది చాలా వరకు కొవ్వే.

పొడి డబ్బా సంగతి

ఆ మూడు వేల రూపాయల లెక్క చూద్దాము. కిలో పొడి డబ్బాలో సాధారణంగా 700 నుంచి 800 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అదే డబ్బుతో, గుడ్డు ఏడు రూపాయలనుకున్నా, 400కు పైగా గుడ్లు వస్తాయి. గుడ్డుకు 6 గ్రాముల చొప్పున 2,400 గ్రాములు. అంటే మూడింతలు. ఊర్లో తండ్రి చెమటోడ్చి పంపిన డబ్బు ఎక్కడ ఖర్చు కావాలో ఈ లెక్కే చెబుతుంది.

పొడి విషమని మేము అనడం లేదు. వే ప్రోటీన్ అనేది పాలను విరిచి జున్నుగడ్డ తీసిన తరువాత మిగిలే నీటి నుంచి తయారవుతుంది. అది కూడా ఆహారమే. అయితే పొడులలో చక్కెరలు, కృత్రిమ తీపి పదార్థాలు, రుచి కోసం కలిపేవి ఉండవచ్చునని, కనుక వాటిని క్రమం తప్పక వాడడం మంచిది కాదని పైన చెప్పిన మార్గదర్శకాలే హెచ్చరించాయి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగకుండా ముట్టనే కూడదు. మనకు హలాల్ విచారణ కూడా ఉన్నది. గుళికల పైపొరలో వాడే జెలటిన్ ఏ జంతువుది? పాలు విరిచిన పదార్థం ఎక్కడిది? డబ్బాపై రాసినది చదవాలి. సందేహముంటే ఉలమాలను అడగాలి. గుడ్డుకూ శనగలకూ ఈ సందేహం లేదు.

రోజుకు ఒక సబఖ్

తిండి మాత్రమే పెంచి వ్యాయామం మానితే కండకు బదులు పొట్ట పెరుగుతుంది. వ్యాయామమంటే మొదటి రోజే ఒళ్లు విరిచేసుకోవడం కాదు. హిఫ్జ్ చేసే బాలుడు ఎలా చదువుతాడో చూడండి. రోజుకు కొన్ని పంక్తులు మాత్రమే కొత్త సబఖ్. దానితో పాటు పాత పాఠం ఆమూఖ్తా. సబఖ్ పక్కా కానిదే ఉస్తాదు ముందుకు పోనివ్వడు. మొదటి వారంలోనే ఒక పారా మింగాలని చూసినవాడు రెండవ వారంలో మానేస్తాడు. కండరం కూడా అలాంటి విద్యార్థే.

కొత్తవారికి వారంలో మూడు రోజులు చాలు, నడుమ ఒక్కొక్క రోజు విశ్రాంతితో. ప్రతిసారీ శరీరమంతటికీ పని ఉండాలి: కాళ్లకు బస్కీలు, ఛాతీకి దండీలు, వీపుకు కడ్డీ పట్టుకొని పైకి లేవడం లేదా బరువును నడుము వైపు లాగడం, భుజాలకు బరువును తలపైకి ఎత్తడం. ఒక్కొక్కటి 8 నుంచి 12 సార్లు. అలా రెండు లేక మూడు విడతలు. 12 సార్లు సులువుగా చేయగలిగిన రోజున కొంచెం బరువు పెంచాలి. ఎంత ఎత్తారో ఒక పుస్తకంలో రాసుకోవాలి. అద్దం రోజుకొక మాట చెబుతుంది. పుస్తకం నిజం చెబుతుంది. చేతులు మాత్రమే చేసి కాళ్లను వదిలేయడం కొత్తవారిలో సాధారణంగా కనిపించే లోపం. శరీరంలోని పెద్ద కండరాలన్నీ తొడలలో, పిరుదులలో, వీపులో ఉన్నాయి.

జిమ్ రుసుము కట్టలేనివారికి దండీలు, బస్కీలు ఉచితమే. రెండు మూడు నెలల వరకు అవి చాలు.

ఇక నిద్ర. కండరం జిమ్‌లో అలసిపోతుంది, విశ్రాంతిలో పెరుగుతుంది. రాత్రి రెండు గంటల వరకు ఫోను చూసి, ఉదయం ఏడు గంటలకు తరగతికి పరుగెత్తేవాడికి ఏ భోజనమూ అక్కరకు రాదు. ఇషా నమాజు తరువాత త్వరగా పడుకొని ఫజర్‌కు లేవడం మన దినచర్యలోనే ఉన్నది. ఏడు, ఎనిమిది గంటల నిద్రకు అంతకన్నా మంచి దారి లేదు.

రమజానులో వ్యాయామం మానవలసిన పని లేదు. ఇఫ్తార్ తరువాతో, తరావీహ్ తరువాతో తేలికగా చేసి, ఉన్న బలం నిలుపుకుంటే చాలు. సహరీలో గుడ్లు, పెరుగు తీసుకోవాలి. గోధుమలు, పప్పులు, మాంసం కలిసిన హలీం మంచి ఆహారమే. పైన తేలే నెయ్యి విషయంలో మితం పాటించాలి.

సూది వద్ద ఆగండి

మేము ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం ఇది. పొడితో తృప్తి చెందని కొందరిని తరువాతి మెట్టుకు పిలిచేవారున్నారు. ఆ మెట్టు స్టెరాయిడ్ సూది. అది కండను త్వరగా ఉబ్బిస్తుంది, నిజమే. అదే సమయంలో పురుషుని శరీరం సహజంగా చేసుకునే హార్మోనును ఆపివేస్తుంది. వీర్యకణాలు తగ్గుతాయి, వృషణాలు కుంచించుకుపోతాయి, రొమ్ములు పెరగవచ్చు. గుండె, కాలేయం దెబ్బతింటాయి. రేపు పెళ్లి చేసుకొని సంతానం కోరవలసిన యువకుడు ఈరోజు ఫోటో కోసం ఆ సంతానాన్నే పణంగా పెడుతున్నాడు.

మెఫెంటర్‌మిన్ అనే మరొక సూది ఉన్నది. శస్త్రచికిత్స వేళ మత్తు ఇచ్చినప్పుడు పడిపోయే రక్తపోటును నిలపడానికి ఆసుపత్రిలో వైద్యులు వాడే మందు అది. దానిని జిమ్‌లకు వెళ్లేవారికి అక్రమంగా అమ్ముతున్నవారిని మన నగరంలో పోలీసులు, ఔషధ నియంత్రణ అధికారులు పట్టుకున్నారు. అలసట తెలియకుండా చేస్తుందని అమ్ముతారు. గుండె లయ తప్పడం, మెదడులో రక్తస్రావం, వ్యసనం దాని వెంట వచ్చేవి. ప్రాణాన్ని తెలిసి తెలిసి అపాయంలో పడవేయడం మన ధర్మంలో నిషిద్ధమని వేరుగా చెప్పనవసరం లేదు.

తల్లిదండ్రులకు, పిల్లలకు

తల్లిదండ్రులారా, సన్నగా ఉన్న పిల్లవాడిని పెళ్లిళ్లలో, బంధువుల ముందు "పుల్లలా ఉన్నాడు" అని నవ్వకండి. సూది వద్దకు నడిపించే మొదటి అడుగు చాలాసార్లు ఆ నవ్వే. డబ్బు పంపేటప్పుడు "ఏమి తిన్నావు బేటా?" అని అడగండి. ఊరి నుంచి వచ్చేవారి చేత పల్లీలు, నువ్వుల లడ్డూలు పంపండి. ఆడపిల్లలను కూడా మరువకండి. నిజామాబాదుకు చెందిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచింది. 50 కిలోల దేహంలో ఎంత బలం ఉండగలదో మన తెలంగాణ బిడ్డే చూపించింది.

యువకులారా, మీ ఉద్దేశాన్ని సరిచేసుకోండి. చొక్కా విప్పి ఫోటో తీసుకోవడానికే పెంచిన కండ, చూసేవారు లేని రోజున నీరసిస్తుంది. వృద్ధుడైన తండ్రిని మెట్లు ఎక్కించడానికి, తల్లి చేతిలోని బియ్యం సంచి అందుకోవడానికి, జనాజాకు భుజం ఇవ్వడానికి పెంచిన బలం ఏ రోజూ వృథా కాదు. ఆరు నెలలు ఓర్పు పట్టండి. పళ్లెం సరిచేసుకోండి, పుస్తకంలో రాసుకోండి, వేళకు పడుకోండి. అల్లాహ్ మన పిల్లలకు ఆరోగ్యాన్ని, ఆ ఆరోగ్యాన్ని మేలుకు వినియోగించే బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.