లీడర్ ప్లేటు ఎప్పుడు నిండాలె?



మా హాస్టల్‌ల మెస్ కమిటీకి కొత్త లీడర్ ఎవరని మొన్న పెద్ద లొల్లి అయింది. పోయినేడు ఆ లీడర్‌ను నేనే. అందుకే రాస్తున్న.

మా ఇంట్ల కాలేజీ మెట్లెక్కిన మొదటోన్ని నేను. లీడర్ అయిన అనంగనే బాపు గూడెమంతా చెప్పుకున్నడు. మొదటి నెల అందరితోటి లైన్ల నిలబడ్డ. తర్వాత వంటామె నా ప్లేటు ముందే తీసి పెట్టుడు మొదలైంది, నేనూ వద్దనలేదు. ఒకరోజు గుడ్లు రాలేదు. రిజిస్టర్‌ల మాత్రం వచ్చినట్టు రాసి, సంతకం పెట్టమన్నరు. పెట్టిన. తెల్లారినుంచి జూనియర్లు నన్ను "అన్నా" అనుడు బంద్ చేసిండ్రు. ఎవ్వరూ తిట్టలేదు. తిట్టినా మంచిగుండు.

అప్పటినుంచి పెద్దమనుషులను వేరే తీరుగ చూస్తున్న. జోడేఘాట్‌ల కుమ్రం భీం తన మనుషులను ముందు పంపి తాను వెనక దాక్కోలేదు. 1940ల వాళ్లతోపాటే ప్రాణం ఇచ్చిండు. అటెనుక ఈ తిరుగుబాటు ఎందుకొచ్చిందో తెలుసుకోమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన సర్కారు మనిషే కదా అని కొందరు అంటరు. నిజమే. కానీ ఆయన బంగ్లాల కూసొని రిపోర్టు రాయలేదు, మార్లవాయిల గుడిసెల మనోళ్ల నడుమ ఉన్నడు. గోండు టీచర్ల శిక్షణ కూడా అక్కడనే మొదలైంది. భార్య బెట్టీ 1987ల పోతే సమాధి మార్లవాయిలనే. ఆయన 1995ల పోయిండు, 2012ల ఆయన అస్థికలు కూడా ఆమె పక్కకే చేరినయి.

మన కాలంల దివ్య దేవరాజన్ మేడం కలెక్టర్‌గ ఉన్నప్పుడు గోండి నేర్చుకున్నరు. మనోళ్లు ఒక గూడేనికి దివ్యగూడ అని పేరు పెట్టుకున్నరు. భాష వస్తేనే అన్ని పనులు కావు, ఒప్పుకుంట. కానీ దవాఖానల మా అవ్వ తన నొప్పి తాను చెప్పుకోలేక నా మొఖం చూస్తది. ఆడవాళ్ల బాధ కొడుకు నోటితోటి డాక్టర్‌కు చెప్పించుకునుడు ఎంత సిగ్గో ఆమెకే తెలుసు. గసుంటి మనిషికి పెద్ద ఆఫీసర్ గోండిల "మంచిగున్నవా" అంటే అది చిన్న సంగతి కాదు.

మన సంఘాల్లో కొందరు జోడేఘాట్ వచ్చి దండ వేసి, ఫొటో దిగి, అన్నం వేళకు కారెక్కుతరు. వాళ్ల వెనక పిలగాండ్లు ఎందుకు నిలబడ్తలేరో వాళ్లకు అర్థమైతలేదు. నాకైతే సమజైంది.

ఈసారి నేను నిలబడ్తలేను. ఎవరు గెలిచినా రెండు అడుగుత: లీడర్ అందరికన్న ఆఖరుకు తినాలె, సంతకం పెట్టేముందు రిజిస్టర్ అందరి ముందు చదవాలె. ఆ గుడ్ల ముచ్చట జూనియర్లకు నేను ఇప్పటిదాక నోరు తెరిచి చెప్పలేదు. వాళ్లు గూడ ఈ గ్రూపులనే ఉన్నరు.