దస్తూర్ - దస్తూరి

ఉర్దూలో ‘దస్తూర్’ అంటే కట్టుబాటు. తెలుగులో ‘దస్తూరి’ అంటే చేతివ్రాత. ఈ రెండు మాటల చుట్టరికాన్ని నిఘంటుకారులకు విడిచి, రెండింటి అవసరమూ ఒకే చోట కనబడే సాఫ్ట్‌వేర్ రచనను గూర్చి ఇక్కడ ముచ్చటించదలచాము. మేము తెలుగు బోధించేవారము. కంప్యూటరు శాస్త్రంలో మాకు అధికారం లేదు. అయితే వ్రాసినది ఇతరులు చదవగలగాలన్న విషయంలో భాషాధ్యాపకులకు కొంత హక్కు ఉన్నదని నమ్ముతున్నాము.

పెద్ద సంస్థలో ప్రోగ్రాము ఏ ఒక్కరి సొత్తూ కాదు. వ్రాసినవారు మరొక ఉద్యోగానికి వెళ్లిపోతారు. దిద్దవలసిన భారం వారి ముఖమైనా చూడని వేరొకరిపై పడుతుంది. అందుచేతనే పేర్లు ఎట్లా పెట్టాలో, పంక్తులు ఎట్లా జరిపి వ్రాయాలో, ఎవరు సరిచూడాలో బృందాలు ముందే నిర్ణయించుకుంటాయి. జీతాల లెక్కలో ‘ఎక్స్’, ‘వై’ అని పేర్లు పెట్టినా యంత్రం పని చేస్తుంది. తరువాత వచ్చిన మనిషికి మాత్రం ఏది మూలవేతనమో, ఏది కోతో తెలియదు.

ఉర్దూలో ఒక్క నుక్తా ఎక్కువైతే ‘దుఆ’ కాస్తా ‘దగా’ అవుతుంది. 2014లో ఆపిల్ సంస్థ విషయంలో బయటపడినది ఇటువంటిదే. అవతలి వెబ్‌సైటు నిజమైనదేనా అని ఐఫోను సరిచూసే భాగంలో ‘గోటూ ఫెయిల్’ అన్న ఆజ్ఞ వరుసగా రెండుసార్లు పడింది. ‘తప్పు కనబడితే’ అన్న షరతు మొదటి పంక్తికే వర్తించింది. రెండవది ఏ షరతూ లేకుండా అమలై, మిగిలిన పరీక్షను దాటవేసి, అంతా సరిగానే ఉన్నదని జవాబు చెప్పించింది. షరతు కింద ఒక్క పంక్తి ఉన్నా దానిని ఫ్లవర్ బ్రాకెట్లలో ఉంచాలని చాలా బృందాల నియమం. దానిని పాటించి ఉంటే ఆ అదనపు పంక్తి లోపల పడి నిరపాయమయ్యేది, లేదా వెలుపల పడి కంటికి తగిలేది.

అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ గతి ఇంకా దారుణం. 2012 ఆగస్టు 1న ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త ప్రోగ్రాము చేరింది. ఎనిమిదవదానిలో ఏళ్ల తరబడి వాడని పాత కోడ్ తొలగించకుండా ఉండిపోయింది. దానిని మేలుకొలిపే గుర్తునే కొత్త పనికి వాడుకున్నారు. సుమారు 45 నిమిషాలలో 40 కోట్ల డాలర్లకు పైగా నష్టం! ఆ మార్పును రెండవ వ్యక్తి సరిచూడాలన్న లిఖిత నియమం అక్కడ లేదు.

నియమాలు ప్రతిభకు సంకెళ్లని మా విద్యార్థులు కొందరు వాదిస్తారు. యతిప్రాసల నడుమ నన్నయ తిక్కనలకు ఊపిరాడలేదా అని మేము అడుగుతాము. అయితే ఖాళీలు రెండా నాలుగా అని తగవులాడటం కాలహరణమే. 2009లో వెలువడిన ‘గో’ భాషలో వరుసలను ఒకే తీరున దిద్దే సాధనం భాషతోనే వస్తుంది. అటువంటివి యంత్రానికే వదలాలి. పేరు పెట్టడం, సరిచూడటం మనిషి పనులు.

మన లాబ్‌లో జరుగుతున్నదేమిటి? జవాబు తెరపై వస్తే మార్కులు. కోడ్ ఎవరూ చదవరు. హైదరాబాదులో ఉద్యోగం దొరికిన మొదటి నెలలోనే మన పిల్లలు ఇతరుల కోడ్ చదవవలసి వస్తుంది, అక్కడ తడబడతారు. అంతర్గత మార్కులు మన చేతిలోనివే. వాటిలో కొన్నింటిని, తోటి విద్యార్థి ప్రోగ్రామును చదివి వ్రాతపూర్వకంగా దిద్దినందుకు కేటాయించవలసిందిగా కాలేజీ కమిటీ వారిని కోరుతున్నాము. దీనికి కొత్త యంత్రం ఒక్కటీ కొననవసరం లేదు.