వికిరణం వేరు, రేడియోధార్మికత వేరు

గామా కిరణాలు సోకిన ఉల్లిగడ్డ తింటే ఒంట్లోకి రేడియోధార్మికత చేరదా అని రైతు అడిగినప్పుడు, ప్రభుత్వం అనుమతించింది కనుక భయం లేదనడం విస్తరణ శాస్త్రవేత్తకు తగిన సమాధానం కాదు. అనుమతి భరోసా ఇస్తుంది గాని కారణం చెప్పదు. కారణం కేంద్రక క్షయంలో ఉంది. దానిని తేటతెలుగులో వివరించగల నేర్పు వ్యవసాయ పట్టభద్రునికి తప్పక ఉండాలి.

కోబాల్టు-60 కేంద్రకం అస్థిరమైనది. అది ఒక ఎలక్ట్రానును వెలువరించి నికెల్-60గా మారుతుంది. మిగులు శక్తి 1.17, 1.33 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలుగా బయటపడుతుంది. ఈ కిరణాలు మొలక కణాలలోని డి.ఎన్.ఎ.ను దెబ్బతీసి మొలకను ఆపుతాయి. అయితే ఉల్లిలోని కర్బన, నత్రజని, ఆమ్లజని కేంద్రకాలను మార్చి వాటిని రేడియోధార్మికం చేయడానికి ఆ శక్తి చాలదు. దీపపు వెలుగు పడినంత మాత్రాన గోడ చీకటిలో వెలగదు గదా! మహారాష్ట్రలోని లాసల్‌గావ్ కేంద్రంలో ఉల్లికి జరిగే చికిత్స ఇటువంటిదే. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తరువాత పచ్చిక బయళ్లపై పడి పాలలోకి చేరిన సీజియం-137 సంగతి పూర్తిగా వేరు. అక్కడ క్షయించే పదార్థమే ఆహారంలో కలిసింది. దాని అర్ధాయువు సుమారు 30 సంవత్సరాలు. రెంటినీ ‘రేడియేషన్’ అనే ఒక్క మాటతో పిలవడం వల్లనే అపోహ బలపడుతున్నది.

రెండు అర్ధాయువులు గడిస్తే పదార్థమంతా హరించిపోతుందని కొందరు విద్యార్థులు భావించడం కద్దు. నిజానికి నాలుగో వంతు మిగులుతుంది. భాస్వరం-32 అర్ధాయువు 14.3 రోజులు. కనుక ఎరువు వినియోగ ప్రయోగాలలో దానిని వాడేవారు కాలంతో పోటీపడక తప్పదు. 143 రోజులకు మిగిలేది సుమారు వెయ్యో వంతే. కోబాల్టు-60కి ఇది 5.27 సంవత్సరాలు. ఆ గడువు దాటాక అదే మోతాదుకు రెట్టింపు సమయం పడుతుంది. ఈ లెక్క తప్పితే గోదాములో ఉల్లి మొలకెత్తుతుంది.

ఇక రైతు భుజాన మోసే పొటాష్ బస్తా మాటేమిటి? సహజ పొటాషియంలో 0.012 శాతం పొటాషియం-40 ఉంటుంది. 50 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బస్తాలో సెకనుకు సుమారు 7.7 లక్షల కేంద్రకాలు క్షయిస్తుంటాయి. సంఖ్య పెద్దదే గాని ప్రమాదం పెద్దది కాదు. వయోజనుని శరీరంలోనూ సెకనుకు నాలుగు వేలకు పైగా ఇట్టి క్షయాలు జరుగుతూనే ఉంటాయి.

విస్తరణ విద్యలో ఈ విషయానికి ఒక్క ప్రయోగ తరగతి అయినా కేటాయించాలి. గైగర్ గణకం ముందు పొటాష్ ఎరువును, చికిత్స పొందిన ఉల్లిని, మామూలు ఉల్లిని వరుసగా ఉంచితే చాలు. పొటాష్ వద్ద గణన పెరగడం, రెండు ఉల్లిగడ్డల మధ్య భేదం లేకపోవడం విద్యార్థి స్వయంగా చూస్తాడు.