ఎనభై దాటితే వణుకు

మా అంబాజీపేటలో ఆ రోజు కొబ్బరికాయ ధర చెప్పలేని మనిషీ, ఎదుటివాడి బండికొచ్చిన జబ్బేమిటో చెప్పలేని మనిషీ కనపడరు. మొదటిదానికి మార్కెట్టు ఉంది. రెండోదానికి ఏ ఆధారమూ అక్కర్లేదు. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన నేను మొన్నమొన్నటి దాకా ఆ రెండో జాబితాలో చేరకుండా పరువు కాపాడుకుంటూ వచ్చాను. మా తమ్ముడి పికప్పు వాను నా వ్రతం కాస్తా చెడగొట్టింది.

తమ్ముడిది కొబ్బరి వ్యాపారం. అప్పు చేసి కొన్న బండి అది. కాయలు వేసుకుని కొత్తపేట, పలివెల మీదుగా రావులపాలెం చేరి, అక్కడ పెద్ద రోడ్డెక్కి రాజమండ్రి పోయి వస్తుంది. రావులపాలెం దాకా బండి బంగారమే. 16వ నెంబరు జాతీయ రహదారి ఎక్కి 80 కిలోమీటర్ల వేగం అందుకునేసరికి చలిజ్వరం వచ్చినవాడిలాగ వణుకు మొదలు. మన కాలవగట్ల రోడ్ల మీద అంత వేగం ఎలాగూ ఉండదు గనక, ఊళ్ళో ఎవరికి చూపించినా "బండికేమండీ, నిక్షేపంలా ఉంది" అనేవారే. డాక్టరు గుమ్మం తొక్కగానే జ్వరం దిగిపోయే పిల్లవాడి వరస అన్నమాట.

వైద్యం మాత్రం ఆగలేదు. చక్రాలు మూడుసార్లు బ్యాలెన్సు చేయించాడు. అలైన్‌మెంటు రెండుసార్లు. ఆ పైన ముందుకి రెండు కొత్త టైర్లు, ఆ పైన షాకబ్జార్బర్లు. 22,000 రూపాయలు ఖర్చయ్యాయి. వణుకు మటుకు ఒక్క పైసా తగ్గలేదు.

డబ్బు ఖర్చై ఫలితం లేనప్పుడు మనిషికి కావలసింది మందు కాదు, ముద్దాయి. బండి తోలే డ్రైవరు దొరికాడు. మా నాన్నగారి రోజుల్నించీ ఇంట్లో మసిలిన మనిషి. "సరుకుతో వెళ్ళేటప్పుడు వణుకు తక్కువట, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ఎక్కువట. ఇంకేం అన్నయ్యా, ఖాళీ బండిని గుర్రంలా దౌడు తీయిస్తున్నాడన్నమాట. నెలాఖరుకి పంపించేస్తాను" అన్నాడు తమ్ముడు.

నాకు మనసొప్పలేదు. సాయంత్రం డ్రైవర్ని మా అరుగు మీద కూర్చోబెట్టి, "అసలేం జరుగుతోందో నువ్వు చెప్పవయ్యా" అన్నాను.

"ఎవరడిగేరండీ ఇన్నాళ్ళూ? స్టీరింగు ఊగట్లేదండి ఆయ్! సీటు కింద బుర్రుమంటాదండి. అరికాళ్ళు తిమ్మిరెక్కిపోతాయండి. న్యూట్రల్లో ఏసి వొదిలేసినా అలాగే ఉంటాదండి" అన్నాడు.

ఆ నాలుగు మాటల్లో సగం లెక్క తేలిపోయింది. మీలో బండ్లున్న వారికి పనికొస్తుందని విడమరిచి చెబుతాను.

ముందు డబ్బు ఖర్చు లేని పని. చక్రాల లోపలి వైపు శుభ్రంగా కడగాలి. మన చేల బురద రిమ్ము లోపల ఓ పక్కనే ఎండి పట్టుకుంటే చాలు, చక్రం తూకం తప్పుతుంది. రిమ్ము అంచున 20 గ్రాముల తేడా ఉంటే 80 కిలోమీటర్ల వేగంలో అది కిలోన్నర పైచిలుకు బలంతో తన్నినట్టు ఉంటుంది. అదే తేడా 40 దగ్గర నాలుగో వంతు బలమే చూపుతుంది. వేగం రెట్టింపైతే తాపు నాలుగింతలౌతుంది గనకనే ఊళ్ళో కనపడని జబ్బు పెద్ద రోడ్డు మీద బయటపడుతుంది. మేమూ కడిగాం. మా బండికి ఆ జబ్బు కాదు.

రెండోది న్యూట్రల్ పరీక్ష. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద, వణుకు పుట్టిన వేగంలో, ఓ క్షణం గేరు తీసి చూడాలి. ఇంజను నెమ్మదించగానే వణుకూ పోతే దోషం ఇంజను వైపుది. బండి పోతున్నంతసేపూ ఉంటే చక్రాలదో, వాటిని తిప్పే షాఫ్టుదో. తాళం చెవి మాత్రం కట్టకూడదు సుమండీ! స్టీరింగు బిగుసుకుని ప్రాణం మీదికి వస్తుంది.

మూడోది, వణుకు ఎక్కడ తెలుస్తోందో చూడడం. చేతుల్లో స్టీరింగు ఊగితే సాధారణంగా ముందు చక్రాలు. సీటులోనూ నేల మీదా తెలిస్తే వెనక భాగం. తమ్ముడు కొత్త టైర్లు వేయించింది ముందుకి!

ఇక నాలుగోది నా సొంత విద్య. చక్రం మీద సుద్దతో గీత గీసి, ఒక్క చుట్టుకి బండి ఎంత దూరం పోతుందో టేపుతో కొలిచాను. దరిదాపు 2.2 మీటర్లు వచ్చింది. 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 22 మీటర్ల చిల్లర. అంటే చక్రం సెకనుకి 10 చుట్లు తిరుగుతుంది. చక్రంలో దోషముంటే సెకనుకి 10 కుదుపులు. అవి గుడగుడమని ఒళ్ళంతా ఊపుతాయి. ఇంజను నుంచి వెనక ఇరుసుకి శక్తి తెచ్చే పొడుగాటి షాఫ్టు ఇలాంటి బండ్లలో చక్రానికి సుమారు నాలుగింతలు తిరుగుతుంది. అంటే 40 చుట్లు. దాని కీళ్ళలో దోషమైతే చుట్టుకి రెండు చొప్పున 80 కుదుపులు. అవి విడివిడిగా తెలియవు. తుమ్మెద రొదలా బుర్రుమంటాయి, అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి. డ్రైవరు చెప్పింది అక్షరాలా అదే కదా!

షాఫ్టు మీద అనుమానం కుదిరింది గాని, బంగారంలాంటి బండికి ఆ దోషం ఎలా వచ్చిందో బోధపడలేదు. రాత్రి భోజనాల దగ్గర నేను వేళ్ళతో కంచం పక్కన చుట్లు లెక్క పెడుతుంటే మా ఆవిడ, "మొన్నీ మధ్య దాన్ని ఎవరైనా విప్పారేమో కనుక్కోండి. మనింట్లో ఏ వస్తువైనా బాగు చేయించిన మర్నాటి నుంచే కదా చెడేది!" అంది.

తమ్ముడి చిట్టా తెప్పించాను. దసరా ముందు పద్దు: "క్రాసు మార్పుకి." రోడ్డు పక్కన ఓ షెడ్డులో చేయించాడట. డ్రైవరు వణుకు గురించి మొదటిసారి మొరపెట్టుకున్నది ఆ తర్వాత నాలుగో రోజున.

మర్నాడు నమ్మకమైన ఓ ముసలి మేస్త్రీ దగ్గరికి బండి తీసుకెళ్ళాం. ఆయన కింద దూరి, టార్చి వేసి, నన్నూ వంగి చూడమన్నాడు. షాఫ్టు మధ్యలో ఒకదానిలో ఒకటి జారే పళ్ళ గొట్టం ఉంటుంది. దానికి అటూ ఇటూ ఉన్న కీళ్ళ చెవులు రెండూ ఒకే వరసలో ఉండాలి. మాది రెండు పళ్ళు తప్పింది. విప్పేముందు గుర్తు గీసుకోకుండా, బిగించేటప్పుడు అందిన చోట దూర్చేశారన్నమాట.

ఈ కీలుది పాత కథ. 16వ శతాబ్దపు ఇటలీ గణితజ్ఞుడు కార్డానో పేరు దీనికి తగిలించారు. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ దీని మీద కృషి చేశాడు. దీని గుణమేమిటంటే, షాఫ్టు వంపుగా ఉన్నప్పుడు ఇది సమంగా తిరగదు. చుట్టుకి రెండుసార్లు తొందరపడి, రెండుసార్లు నిదానిస్తుంది. అందుకే రెండో కీలు పెట్టి, మొదటిది తొందరపడినప్పుడు రెండోది నిదానించేలా అమరుస్తారు. లెక్క చెల్లుకు చెల్లు. మా ఆవిడా నేనూ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది ఈ సూత్రం మీదే. వరస తప్పితే ఆ చెల్లు కుదరదు. ఖాళీ బండికి వెనక కమాన్లు లేచి ఉండి షాఫ్టు వంపు ఎక్కువౌతుంది, వణుకూ ఎక్కువౌతుంది. బరువు పడితే వంపు తగ్గి వణుకూ తగ్గుతుంది. పాపం, డ్రైవరు మీద సాక్ష్యమని తమ్ముడు పట్టుకున్న మాటే అతని నిర్దోషిత్వానికి రుజువు!

మేస్త్రీ షాఫ్టు దింపి, రెండు పళ్ళు తిప్పి, గ్రీజు పెట్టి బిగించాడు. కూలి తప్ప ఖర్చు లేదు. "ఇంకొన్నాళ్ళు అలాగే తిప్పుంటే కొత్త క్రాసూ అరిగిపోయేదండి. షాఫ్టు ఊడి రోడ్డున పడితే బండి మన చేతిలో ఉండదండి" అన్నాడు. ఆ దారిలో గౌతమి వంతెన ఉంది. నాకు వెన్ను జలదరించింది.

అక్కణ్ణించే రావులపాలెం పోయాం. డ్రైవరు చక్రం పట్టాడు, పక్కన నేను, చివర తమ్ముడు. వంతెన దాటి, జొన్నాడ వెనకబడ్డాక 80 అందుకుంది. నా ఒళ్ళో సీసాలో నీళ్ళు నిలకడగా ఉన్నాయి. ఎవరమూ మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో రావులపాలెంలో బండి ఆపించి, తమ్ముడే స్వయంగా దిగి వెళ్ళి మూడు టీలు పట్టుకొచ్చాడు. మొదటి గ్లాసు డ్రైవరు చేతికిచ్చాడు. నెలాఖరు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు మా అరుగు ముందు మోటారు సైకిళ్ళు ఆగుతున్నాయి. నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మొన్నీ మధ్య ఎవరైనా విప్పారా?"

లోపల్నించి మా ఆవిడ గొంతు వినపడుతుంది: "ఆ ప్రశ్న నాదని కూడా చెప్పండి!"