తిరిగే డిస్క్‌ని చంకనెత్తుకోవద్దు

తిరుగుతున్న మిక్సీని చంకన పెట్టుకుని ఎవరూ హాల్లోకి నడవరు కదా! ల్యాప్‌టాప్‌ని మాత్రం మన ఇళ్ళల్లో అలాగే మోసేస్తుంటారు. పాత హార్డ్ డిస్క్ పోయి కొత్తది వేయించాక అయితే "కొత్తదేగా, ఏం కాదులే" అన్న ధీమా ఒకటి. నన్నడిగితే అసలు జాగ్రత్త మొదలవ్వాల్సింది అక్కడే.

హార్డ్ డిస్క్ లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటాయి, కొన్నిట్లో అయితే 7200 సార్లు. వాటిని చదివే హెడ్ వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఎత్తు కూడా లేకుండా పైన తేలుతూ ఉంటుంది. గట్టి కుదుపుకి అది పళ్ళేన్ని గీరిందంటే, అక్కడున్న పెళ్ళి ఫొటోలైనా, పిల్లల తొలి అడుగుల వీడియో అయినా పోయినట్టే.

ఇది తెలిసే కంపెనీలు కాపలా పెట్టాయి. ఐబిఎం 2003లో థింక్‌ప్యాడ్‌లలో, ఆపిల్ 2005లో పవర్‌బుక్‌లలో కదలికని పసిగట్టే సెన్సర్ తెచ్చాయి. బల్ల మీంచి జారిన ల్యాప్‌టాప్ నేలని తాకడానికి అర సెకను కూడా పట్టదు. ఆలోపే హెడ్‌ని పక్కకి తప్పించడం దాని పని.

అయితే సెన్సర్ మదర్‌బోర్డు మీద ఉన్నా, చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో అది పనిచేయడానికి వేరే సాఫ్ట్‌వేర్ కావాలి. కొత్త డిస్క్‌లో విండోస్ మళ్ళీ ఎక్కించినప్పుడు అది వేయకపోతే కాపలావాడు ఉన్నా నిద్రపోతున్నట్టే. అందుకే షాపులో "ఆన్ అవుతోందా?" అని మాత్రమే అడిగి వచ్చేయకండి. "షాక్ ప్రొటెక్షన్ డ్రైవర్ వేశారా? డిస్క్ చుట్టూ ఉండే ఫ్రేమూ, రబ్బరు ముక్కలూ తిరిగి బిగించారా?" అని కూడా అడగండి.

ఇంకో మాట. పిల్లలున్న ఇంట్లో కొత్తగా వేయించేది ఎస్‌ఎస్‌డి అయితేనే మంచిదని నా అభిప్రాయం. అందులో తిరిగే భాగాలే ఉండవు. అంతే సైజు హార్డ్ డిస్క్ కన్నా ఖరీదు ఎక్కువే, నిజమే. కానీ తక్కువ సైజుది తీసుకుని, ఫొటోలన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి బీరువాలో దాచుకుంటే ఖర్చూ కలిసొస్తుంది, రెండో కాపీకి చోటూ దొరుకుతుంది.

హార్డ్ డిస్కే వేయించారా? అయితే ఇంటిల్లిపాదికీ ఒకటే నియమం పెట్టండి: మూత వేసి, లైటు చూసి, కాసేపాగి, అప్పుడే కదపాలి. పిల్లలకే కాదు, వాళ్ళ నాన్నకీ ఇదే వర్తిస్తుంది.